పొడి మాట

పాప తొడలు కందిపోయాయని తీసుకెళ్తే, పిల్లల డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు. "పిల్లని ఎప్పుడూ పొడిగా ఉంచండమ్మా."

అమ్మమ్మ ఆ మాటని తు.చ. తప్పకుండా పాటించింది. స్నానం కాగానే పౌడరు డబ్బా బోర్లించి దులిపేది. "చాలమ్మా, దానికి ఊపిరాడటం లేదు" అని కూతురు మొత్తుకుంటే, "నీకేం తెలుసే, డాక్టరే చెప్పాడు!" అని నోరు మూయించేది. గదిలో తెల్లటి మబ్బు, ఆ మబ్బులోంచి బుల్లి తుమ్ములు.

మళ్లీ చూపించడానికి వెళ్లేసరికి పాప పిండిలో దొర్లిన పిల్లిపిల్లలా ఉంది. డాక్టరు స్టెతస్కోపు పెట్టబోయి ఆగిపోయాడు.

"ఇదేంటమ్మా? పొడిగా ఉంచమన్నాను కదా!"

"అందుకేగా, పొడిలోనే ఉంచాను!"

డాక్టరు నవ్వాపుకున్నాడు. "పొడిగా అంటే తడి లేకుండా అండీ. మెత్తటి గుడ్డతో అద్దితే చాలు. పౌడరు గాల్లోకి లేస్తే పసివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆయాసం వస్తుంది."

అమ్మమ్మ మొహం చిన్నబోయింది. కానీ ఆవిడ కళ్లు ఊరుకుంటాయా? డాక్టరు కాలరు లోపల తెల్లటి చారని పట్టేశాయి.

"మరి మీ మెడకి ఆ పూతేంటి నాయనా?"

డాక్టరు గబుక్కున కాలరు సర్దుకున్నాడు. "మా అమ్మండీ. పొద్దున్నే పట్టుకుని పులిమేస్తుంది. ఎంత చెప్పినా వినదు."

అమ్మమ్మ సంచిలోంచి పౌడరు డబ్బా తీసి చెత్తబుట్టలో పడేసి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఆవిణ్ణి నా దగ్గరికి పంపించండి. పెద్దవాళ్లకి ఎలా చెప్పాలో మీ పిల్లలకేం తెలుసు!"