ఎనిమిది బస్తాల లెక్క

పడమటి దిక్కు నల్లబడడం ముందు చూసింది అత్తగారు.

"అమ్మాయ్, వాడు టార్పాలిన్ పట్టుకెళ్ళాడా?" అంది వసారాలోంచి.

లెక్కలమ్మ గిర్రున వెనక్కి తిరిగి చూసింది. టార్పాలిన్ ఎక్కడికీ వెళ్ళలేదు. మడతపెట్టి గోడవారగా ఉంది. దాని పక్కన స్టెప్నీ టైరు, పనిముట్ల పెట్టె, క్యాబిన్లో ఆయన పడుకునే పరుపు, నీళ్ళ క్యాన్లు. అన్నీ దగ్గరుండి దింపించింది తనే.

లెక్కలమ్మ అన్న పేరు లారీలవాళ్ళు పెట్టింది. మొగుడు సొంత లారీ తోలతాడు, లోడ్లు కుదిర్చేదీ లెక్కలు చూసేదీ ఆవిడ. ఆర్నెల్ల కిందట డీజిలు మీద పన్ను పెరిగింది. సరే, పళ్ళబిగువున నెట్టుకొచ్చారు. పోయిన నెల గోరుచుట్టు మీద రోకటిపోటులా ఊరి గేటు దగ్గర కొత్త నిబంధన వచ్చింది. బండి, సరుకు కలిసి పదహారు టన్నుల లోపుంటే ఒక పన్ను, ఒక్క కిలో దాటినా దానికి రెట్టింపు. ఊరు చూడబోతే రోజుకో కొత్త మేడతో పెరిగిపోతోంది. ఆ మేడలకి సిమెంటు మోసేవాళ్ళే నెలనెలా తరిగిపోతున్నారు. కాంట్రాక్టరు కిరాయి బస్తాకింత అని కట్టాడు, పెంచమంటే చెవిటివాడైపోయాడు.

అప్పుడు లెక్కలమ్మ కాగితం, పెన్సిలు తీసింది. సరుకు పెంచితే గేటు దగ్గర దెబ్బ. మరి బండి బరువే తగ్గిస్తే? స్టెప్నీ నూరు కిలోలు, టార్పాలిన్ ఎనభై, పెట్టె, పరుపు, క్యాన్లు, తాళ్ళు, ట్యాంకులో సగం డీజిలు. మొత్తం నాలుగొందల కిలోలు తేలింది. అంటే ఎనిమిది బస్తాలు. నూట తొంభై రెండు వేసే చోట రెండు వందలు వేస్తే డీజిలు మీద పెరిగింది పూడిపోతుంది. ఇరవై కిలోల తేడాతో బండి గేటు దాటేస్తుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఆ రోజు మొగుడు తెగ మురిసిపోయాడు.

ఇప్పుడు మబ్బు మురుస్తోంది. తడిసిన సిమెంటు రాయి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. కాంట్రాక్టరు మొన్ననే చెప్పేశాడు. ఈ నెలలో ఒక్క లోడు తడిసినా, ఒక్కటి ఆలస్యమైనా, పని మొత్తం కంపెనీ ట్రెయిలర్లకి ఇచ్చేస్తాడట. ఆ పని పోతే వాయిదాలు ఆగుతాయి, వాయిదాలు ఆగితే లారీ పోతుంది.

ఫోను చేసింది. ఆయన ఎత్తలేదు. స్టీరింగు పట్టుకుని ఫోను ఎత్తని మనిషి. ఆ అలవాటు చేసిందీ తనే.

సందు చివరి ట్రాలీ ఆటో అబ్బాయిని పిలుచుకొచ్చింది. ముగ్గురూ కలిసి టార్పాలిన్ ఈడ్చి ఎక్కించారు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట," అని అత్తగారు ఆయాసపడుతూనే అంటించింది.

"తిట్లు వచ్చాక తింటాను అత్తయ్యా, తలుపేసుకోండి. పోనీ తమ్ముడూ, గేటు వైపు!"

సగం దారిలో చినుకులు పడ్డాయి. ఒక్కో చినుకూ తన నెత్తిన కాదు, రెండు వందల బస్తాల మీద పడుతున్నట్టనిపించింది. "ఇంకొంచెం, ఇంకొంచెం తొక్కు" అంటూనే ఉంది. ఆటో అబ్బాయి విసుక్కున్నాడు. "అక్కా, దీన్ని తొక్కితే ఆగుతుంది, ఎగరదు."

కొత్త ఫ్లైఓవరు దగ్గరికి వచ్చేసరికి దారి మూసుకుపోయింది. వంతెన కింద లారీలు వానకి తలదాచుకుంటూ ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుని నిలబడ్డాయి. సిమెంటువి, పిండివి, కాగితంవి. ఒక్కదాని మీదా టార్పాలిన్ లేదు. ఆవిడ దిగి వరస వెంబడి పరిగెత్తుతుంటే కాగితం లారీ ముసలి డ్రైవరు కేకేశాడు.

"లెక్కలమ్మా! ఆ టార్పాలిన్లో సగం మాకూ కోసిద్దూ!"

"నీదేమైంది బాబాయ్?"

"ఇంట్లో ఉంది. మీ ఆయన టీకొట్టు దగ్గర నీ లెక్క చెప్పాడుగా. మేమంతా దింపేశాం."

ఆవిడ తన ఒక్క బండికని వేసిన లెక్క నలభై బండ్లని ఇక్కడ నిలబెట్టింది. సిగ్గేసింది, భయమూ వేసింది.

మొగుడి లారీ వరసలో మూడోది. పైనున్న నాలుగు బస్తాలు చెమ్మగిల్లాయి, మిగతావి పొడిగానే ఉన్నాయి. ఆయన ముఖం మాత్రం సున్నం కొట్టినట్టుంది. "ఐదింటికల్లా చేరాలే. మూడున్నరైంది," అన్నాడు. ఇద్దరూ, ఆటో అబ్బాయీ కలిసి టార్పాలిన్ పరిచి కట్టారు. ఆ వరసలో వానలోకి కదలగలిగింది వాళ్ళ బండి ఒక్కటే. ముందున్న రెండూ పక్కకి ఒదిగి దారిచ్చాయి. ఆవిడ క్యాబిన్లో ఎక్కింది.

గేటు దగ్గర కాటా మీద బండి నిలిపారు. గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నూట నలభై కిలోలు ఎక్కువ. రెట్టింపు కట్టండి."

"వాన నీళ్ళు సార్ అవి. నీళ్ళకీ పన్నేనా?" అన్నాడు మొగుడు.

"కాటాకి నీళ్ళూ సిమెంటూ ఒకటేనయ్యా. వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి."

ఎవరి హారన్? వెనక ఒక్క బండీ లేదు. నవ్వే ఓపిక ఆవిడకి లేదు. చటుక్కున కిందికి దూకింది. కాటా ముల్లు యాభై అయిదు తగ్గింది. ఇంకా ఎనభై అయిదు.

"రెండు బస్తాలు దింపండి," అంది.

"నువ్వో?"

"నేనిక్కడే ఉంటా. ముందు మీరు పదండి!"

బస్తాలు గుమాస్తా రేకుల షెడ్డు కిందికి దొర్లాయి. పదిహేను కిలోల తేడాతో బండి గేటు దాటింది. హమ్మయ్య అనుకుంటూ వెనక చక్రాల వంక చూసిన ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. టార్పాలిన్ అయితే తెచ్చింది. స్టెప్నీ ఇంట్లోనే ఉంది. పద్దెనిమిది కిలోమీటర్ల తడి రోడ్డు, అరిగిన టైర్లు, జాకీ కూడా లేదు. కేక వేసేలోపే లారీ మలుపు తిరిగిపోయింది.

ఆ రెండు బస్తాల మీదే కూర్చుంది. నాలుగైంది. నాలుగున్నరైంది. ఫోను ఒళ్ళో పెట్టుకుని చూస్తూనే ఉంది. ఆయన ఫోను చేశాడంటే బండి ఆగిందనే అర్థం. ఎక్కడ ఆగిందన్నదే ప్రశ్న.

అయిదుకి ఆరు నిమిషాలుందనగా మోగింది. చెవిన పెట్టుకుంటే ముందు వినపడింది ఆయన గొంతు కాదు, కూలీలు బస్తాలు దింపుతూ పైకి లెక్కపెట్టడం. పదకొండు, పన్నెండు, పదమూడు. లెక్కలమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చేరాం," అన్నాడాయన. "రెండు తక్కువైనా ఏమీ అనలేదు. ఇవాళ వచ్చిన బండి మనదొక్కటేనట. రేపూ మనమే. ఎన్ని వేద్దాం?"

"నూట తొంభై రెండు. స్టెప్నీ, టార్పాలిన్, పెట్టె నా కళ్ళముందు ఎక్కితేనే బండి కదిలేది."

"మరి డీజిలు మీద పెరిగిందో?"

వాన రేకుల మీద దబదబా కొడుతోంది. ఆవిడ పెన్సిలు కోసం చెవి పైన తడుముకుంది, అది ఇంట్లోనే ఉండిపోయింది.