వరస గుమ్మాలు

మా నాన్న మధుసూదన్ సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యాక నేరేడ్‌మెట్‌లో ఇల్లు మొదలుపెట్టారు. ప్లాను నేనే గీశాను. ఆర్కిటెక్టునై ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

గదుల గుమ్మాలన్నీ ఒకే గీతలో ఉండి, మొదటి గుమ్మంలో నిలబడితే చివరి గది దాకా కనబడితే దాన్ని ఎన్‌ఫిలేడ్ అంటారని కాలేజీలో చెప్పారు. రాజభవనాల దర్జా. ఆ మాట నాన్నతో సంబరంగా అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు.

"ఆ మాట మాకూ ఉందమ్మా. వరసగా ఉన్నవాళ్ళని వరస చివర నుంచి కాల్చడం. తుపాకీ అటూ ఇటూ తిప్పక్కర్లేదు."

ఒకప్పుడు యుద్ధంలో ఒక కాలవగట్టు మీద ఆయన ముందు నడిచినవాళ్ళెవరూ తిరిగి రాలేదని అమ్మ చెప్పగా విన్నాను.

"నాకు గుమ్మాలు ఎదురెదురుగా వద్దు. ఇంకేమీ అడగను" అన్నారు నాన్న. అడగలేదు కూడా. ప్రతి గుమ్మాన్నీ పక్కకి జరిపి గీశాను.

అమ్మ తమ్ముడు సత్యదేవ్ మావయ్యకి అది కిట్టలేదు. మాది భీమవరం వైపు. సింహద్వారంలోంచి పెరటి గుమ్మం కనబడకపోతే మావాళ్ళ లెక్కలో అది ఇల్లే కాదు. నేను పని మీద వేరే ఊరెళ్ళి వచ్చేసరికి ద్వారబంధాలన్నీ ఒకే వరసలో నిలబడి ఉన్నాయి.

మేస్త్రీ హసన్‌ని నిలదీశాను. "మీ మామ చెప్పిండు మేడమ్. మీ అమ్మ సుత సరే అన్నది. నన్నేం చెయ్యమంటరు?" అన్నాడు.

"ఆయన భయం ఎప్పుడూ ఉండేదే. ఇల్లు నలుగురూ చూసేది" అంది అమ్మ. ఆ క్షణం అమ్మంటే నాకు అసహ్యం వేసింది. నాన్న మాత్రం పోనీలే అన్నారు.

గృహప్రవేశం నాడు, పొంగించిన పాల గిన్నెతో నాన్న గోడ వారగా వచ్చి నడిమి గుమ్మం దాటుతున్నారు. వీధి గుమ్మంలో మావయ్య చుట్టాలకి తన ఘనత చూపిస్తున్నాడు. ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, గుమ్మాల గీత సరిచూశాడు.

"బావా, అక్కడే ఆగు. సరిగ్గా మధ్యలో ఉన్నావు."

నాన్న పాలతో సహా నేల మీద పడి, పక్క గోడ చాటుకి పాకారు. పట్టుపంచె తడిసిపోయింది. ఎవరో నవ్వారు. పిల్లలు కాదు, పెద్దవాళ్ళే.

అమ్మ పరుగెత్తుకెళ్ళి గిన్నె ఎత్తింది. ప్రవేశం రోజున పాలు ఒలికాయని ఏడ్చింది. మావయ్య అప్పటికప్పుడు సిద్ధాంతికి ఫోన్ చేశాడు. పాలు ఒలికిన దోషానికి శాంతి జరిగింది. గుమ్మాల జోలికి ఎవరూ పోలేదు.

వచ్చినవాళ్ళంతా ఇంట్లోకి గాలి బాగా వస్తోందని మెచ్చుకుంటారు. గేటు మీద ఇత్తడి అక్షరాల్లో నాన్న పేరు, హోదా ఉంటాయి. నాన్న కారు షెడ్డులో మడతమంచం మీద పడుకుంటారు. అన్నం అమ్మ అక్కడికే పంపిస్తుంది.