నక్క కోసం పాతిన గూటం

నేను ఒక ఇనుప గూటాన్ని. మూరెడు పొడవు, బొటనవేలంత లావు. కత్తికున్నట్టు నాకు పదును లేదు, గొడ్డలికున్నట్టు బరువూ లేదు. అయినా మా ఊళ్ళో ఏ కత్తికీ ఏ గొడ్డలికీ రాని పేరు నాకొచ్చింది. 'పాపిష్టి గూటం' అంటారు. ఆడవాళ్ళయితే నా వైపు చూసి ఉమ్మేసి పోతారు. ఇంతమందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా నన్ను నేలలోకి దిగ్గొట్టిన చేతిని పాపిష్టిది అనలేదు. చేతికి పేరుంటుంది, బంధువులుంటారు, రేపు దానితో పనిపడుతుంది. ఇనుముకు ఎవరున్నారు?

పుట్టుకతో నేను గడ్డపారను. పత్తికొండ దాటి పడమటికి పోతే వచ్చే రాళ్ళ భూముల్లో ఒక బావి తవ్వుతూ విరిగాను. పై ముక్క ఏమైందో తెలియదు. కింది ముక్కనైన నేను కమ్మరి దస్తగిరి కొలిమిలో, అరిగిన నాగలి కర్రులకూ పాత బండి పట్టాలకూ మధ్య నాలుగేళ్ళు పడి ఉన్నాను. ఆ నాలుగేళ్ళే నా జీవితంలో మర్యాదగా గడిచిన కాలం.

ఒక ఎండాకాలం చివర ఉరుకుందప్ప వచ్చాడు. వంక పక్కన ఆరెకరాల చేను, ఇరవై గొర్రెలు, ఒక ఎద్దు ఉన్న రైతు. గొర్రెల్ని చేలోనే దొడ్డి కట్టి పెట్టేవాడు, ఎరువు పడుతుందని. గుంటనక్కలు మరిగి మూడు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయాయి. ఆయన భార్య బజారమ్మ సీసాతో పాలు తాపి పెంచిన పిల్ల అందులో ఒకటి. ఆమె రెండు రోజులు అన్నం వండలేదట. మూడో రోజు ఉరుకుందప్ప పాత మోటార్ సైకిల్ క్లచ్ వైరుతో ఉచ్చు చేసి, కర్రగూటానికి కట్టి, నక్కల దారిలో పెట్టాడు. నక్క పడింది. పడి, గూటాన్ని పెకలించుకుని, మెడలో వైరుతో, వెనక గూటం ఈడ్చుకుంటూ పోయింది. నాలుగు రోజుల తర్వాత వంకలోని సర్కారు తుమ్మల్లో పక్క చేను లింగమ్మకు కనబడింది. వైరు ముళ్ళకంపకు చిక్కుకుని, అక్కడే ఎండి చచ్చింది.

లింగమ్మ మొగుడు పోయిన మనిషి. రెండెకరాల చేను, మైలగాడని పిలిచే బూడిదరంగు ఎద్దు, అంతే ఆమె ఆస్తి. ఆమె ఉరుకుందప్పను నిలబెట్టి అడిగింది.

"సంపాలనుకుంటే సంపు ఉరుకుందా. ఉరి తగిలించి ఊరి మీదికి తోలుతావా? నోరులేని దానికి అంత సావెందుకు?"

మనుషుల చెవులు విచిత్రమైనవి. ఇంత మాటలో ఉరుకుందప్ప చెవికెక్కింది ఒక్కటే: గూటం చాలలేదు.

అందుకే కొలిమికి వచ్చాడు. "దస్తగిరన్నా, ఎంత లాగినా రాని గూటం గావాల."

"ఏనుగును కట్టేస్తావా ఏందప్పా?"

"గుంటనక్క."

"నక్కకు గూటమెందుకు, చెట్టుకు కట్టుకోపో."

"చెట్టుంటే నీ కాడికెందుకొస్తా? మా బయిట్లో కాకి వాలేదానికి కొమ్మ ల్యా."

దస్తగిరి నవ్వి నన్ను ఏరాడు. ఎర్రగా కాల్చి, మొన సాగదీసి, మొనకు జానెడు పైన రెండు చెవులు అతికించాడు. దిగేటప్పుడు ఒంటికి అంటుకుపోయి, పైకి లాగితే విచ్చుకుని మట్టిని పట్టే చెవులు. తలకు ఒక కడియం తొడిగాడు, గుండ్రంగా తిరిగేది. ఉచ్చులో పడిన జంతువు గూటం చుట్టూ తిరుగుతుంది. కడియం తిరగకపోతే వైరు మెలికలు పడి తెగుతుంది. తిరిగితే ఎన్ని చుట్లు తిరిగినా తెగదు. ఒక ప్రాణి తప్పించుకోవడానికి ఏమేం చేస్తుందో కూర్చుని ఆలోచించి, దానికి ముందే విరుగుడు కట్టడం మనిషికి తప్ప ఎవరికి చేతనవుతుంది? అది చేసి నక్కను జిత్తులమారి అంటాడు.

"ఇది దిగేది సులువు, తొవ్వితే గాని రాదు" అని చెప్పాడు దస్తగిరి. "తెల్లారి వైరు ఇప్పెయ్యి. దానికి నక్కేదో మేకేదో తెలీదు."

"నాకు తెలీదా అన్నా?" అన్నాడు ఉరుకుందప్ప.

పైన ఎర్రమట్టి, బెత్తెడు కింద గట్టి కంకర గరుసు. సమ్మెటతో నన్ను గరుసులోకి దించి, కడియం మీద గుప్పెడు మట్టి చల్లాడు. పుల్లల మీద ఉచ్చు నిలబెట్టాడు. అయిదో రోజు తెల్లవారకముందే నక్క పడింది.

దాని గురించి ఎక్కువ చెప్పను. నా కడియం తిరిగింది, తిరుగుతూనే ఉంది. అది లాగినప్పుడల్లా నా చెవులు గరుసులో ఇంకా కొంచెం విచ్చుకున్నాయి. నాకు గర్వంగా అనిపించిన మాట దాచను. చేయించిన పని చేసి చూపించానన్న గర్వం. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. కలిసొస్తే 'నక్క తోక తొక్కి వచ్చావా' అనే జనం కదా, ఒకాయన నిజంగానే చచ్చిన నక్క తోక తొక్కి పోయాడు. ఇంకొకడు తాయెత్తులోకి నాలుగు వెంట్రుకలు పీక్కున్నాడు. అందరూ ఉరుకుందప్ప భుజం తట్టారు. "ఏం తెలివప్పా నీది!" అన్నారు. నేను పట్టాను, తెలివి ఆయనదైంది. సరే, అప్పుడు దానికి నాకేమీ బాధనిపించలేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఆయన పద్ధతిగానే ఉన్నాడు. పొద్దుగూకే ముందు వైరు తగిలించేవాడు, పొద్దు పొడవగానే విప్పేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం తొలకరి పడింది. రెండు గంటలు గట్టిగా కొట్టింది. ఊళ్ళో అందరి ముఖాలూ మారిపోయాయి. నేలలో పదును నాలుగు రోజులుంటుంది, అంతలో విత్తనం పడాలి. లింగమ్మకు ఒక్కెద్దు, ఉరుకుందప్పకు ఒక్కెద్దు. మా వైపు ఒక్కెద్దు వాళ్ళు ఇద్దరు జత కలుపుకుని ఇద్దరి చేలూ విత్తుకుంటారు. మైలగాడూ ఉరుకుందప్ప ఎద్దూ ఆరేళ్ళుగా ఒకే కాడి కింద నడుస్తున్నాయి. మంగళవారం లింగమ్మ చేను, ఆ తర్వాత ఉరుకుందప్ప చేను అనుకున్నారు. ట్రాక్టర్లు ఉన్నాయి గానీ ఆ నాలుగు రోజులూ అవి పెద్ద చేల వాళ్ళవి. రెండెకరాల రాళ్ళ చేనుకు వాటి వరుస వచ్చేసరికి పదును ఆరిపోతుంది.

సోమవారమే ఎందుకు మొదలుపెట్టలేదని అడుగుతారేమో. మా వైపు సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. అది బసవన్న రోజు. ఎద్దుల్ని కడిగి, బొట్టు పెట్టి, తమ ఇష్టానికి మేయమని బయల్లోకి వదిలేస్తారు.

ఆ సోమవారం ఉదయం బజారమ్మ మొగుణ్ణి అడిగింది. "ఉచ్చు ఇప్పినావా?"

"సోమారం బయిట్లోకి ఎవరొస్తారే? కాడి కట్టేదే లేకపాయె. ఉండనీ, ఇంకో పూట."

ఈ మాట అంటూ ఆయన చేతులతో ఏం చేస్తున్నాడో తెలుసా? తన ఎద్దు పలుపు విప్పి బయటికి తోలుతున్నాడు. సోమవారం పనికి ఎవరూ రారని లెక్క వేసినవాడికి, పని లేని ఎద్దులన్నీ ఆ రోజే తిరుగుతాయన్న సంగతి తట్టలేదు. ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి. ఎద్దును మొక్కే రోజునే ఎద్దును మరిచిపోయాడు.

వానకు తడిసి మెత్తబడిన గడ్డి కోసం మైలగాడు వంక గట్టు వెంట వచ్చాడు. ముందు కాలు ఉచ్చులో పెట్టాడు. బెదిరి లాగాడు. కర్రగూటమైతే ఆ తడి నేలలో వెన్నలోంచి వెంట్రుకలా వచ్చేసేది. నేను రాలేదు. గరుసులో నా చెవులు విచ్చుకున్నాయి. కడియం తిరిగింది. వైరు గిట్ట పైన చర్మం దాటి, కండ దాటి, తెల్లటి నరం దాకా పోయింది. ఆ లాగుడు ప్రతి ఒక్కటీ నా ఒంట్లోంచే పోయింది. వదలడం నాకు నేర్పలేదు. నేర్పినవాడు టీ బంకులో కూర్చున్నాడు.

అరుపు విని లింగమ్మ పరిగెత్తుకు వచ్చింది. వెనకే ఉరుకుందప్ప. వచ్చీ రాగానే నా కడియం పట్టుకుని రెండు చేతులతో పీకడం మొదలుపెట్టాడు, నా అమ్మనీ అక్కనీ తిడుతూ.

"గూటం ఇడ్సురా నాయనా!" అని అరిచింది లింగమ్మ. "అది ముందుకు గుంజేకొద్దీ బిగుసుకుంటాది. మెడ పట్టుకోని ఎనక్కి తొయ్యి!"

ఆయన తోశాడు. ఆమె బురదలో కూర్చుని, నెత్తుట్లో వేళ్ళు పెట్టి, గోళ్ళు విరుగుతున్నా ఉచ్చును వెనక్కి జరిపి కాలు విడిపించింది. అప్పటికి పది మంది చేరారు. వాళ్ళ ముఖాలు చూసి ఉరుకుందప్ప అన్నాడు:

"ఎవడో యాటగాడు పెట్టి పోయినట్టుండాది. ఎంత అన్యాయం సూడండి."

నా కడియం ముద్ర ఎర్రగా ఇంకా ఆయన అరచేతిలో ఉంది. ఆ క్షణంలో నాకు నోరుంటే! నక్కను పట్టినప్పుడు నేను ఆయన తెలివిని. ఎద్దును పట్టగానే ఎవడో వేటగాడి గూటాన్ని అయిపోయాను.

లింగమ్మ గడ్డపార తెప్పించుకుని తనే తవ్వింది. నన్ను బయటికి తీసి, మట్టి కూడా దులపకుండా కొంగులో వేసుకుని నేరుగా కొలిమికి నడిచింది. జనం వెంట వచ్చారు. రాకపోతే అనుమానమని ఉరుకుందప్పా వచ్చాడు.

"దస్తగిరన్నా, ఈ ఇనుము ఎవరిది?"

కొలిమితిత్తి ఆగింది. ఉరుకుందప్ప ఆయనకు ఇరవై ఏళ్ళ వాడుక. దస్తగిరి నా చెవుల వైపు, లింగమ్మ చేతుల నెత్తురు వైపు చూశాడు.

"సేసింది నేను తల్లీ. సేయించినోడు నీ ఎనకాల నిలబడుకోనుండాడు."

ఉరుకుందప్ప నీరుగారిపోయాడు. "అక్కా, నక్కకు ఉచ్చు పెట్టినానని ఫారెస్టోళ్ళకు తెలిస్తే నన్ను లోపలేస్తారు. నీకేం గావాలో అడుగు."

"నువ్వు జైల్లో కూసుంటే నా సేనులో ఇత్తనం పడతాదా? రేపు నా సేను ఇత్తాల."

"ఎద్దుల్యాడున్నాయక్కా?"

"ఒకటి నీ గాట్లో ఉండాది. ఇంకోటి నా ముందర నిలబడి మాట్లాడ్తాంది."

ఆమె నన్ను మళ్ళీ కొంగులో వేసుకుంది, ఆయన మాట మారిస్తే ఫారెస్టు వాళ్ళకు చూపించడానికి.

మంగళవారం పొద్దున్నే కాడికి ఎడమవైపు ఉరుకుందప్ప ఎద్దు, కుడివైపు, అంటే ఎలపట, ఉరుకుందప్పే. విత్తే గొర్రు మేడి పట్టింది బజారమ్మ. గొర్రు మీది జడ్డిగం గిన్నెలో విత్తనం పోసింది లింగమ్మ. నేను గట్టు మీద విత్తనాల గంపలో ఉన్నాను. ఆ ఎద్దు నాలుగడుగులు నడిచి ఆగేది, పక్కనున్నది మైలగాడు కాదని తల తిప్పి చూసేది. ఉరుకుందప్ప తలకాయ తిప్పుకునేవాడు. దారిన పోయే రైతు ఒకాయన బండి ఆపాడు.

"ఏం బజారమ్మా, ఎలపటెద్దు కొత్తదా? యా సంతలో తెచ్చినారు?"

"మా నాయన తెచ్చినాడ్లే మామా" అంది బజారమ్మ మేడి వదలకుండా. "పండ్లు పట్టి సూడకుండా తెచ్చినాడు."

సాయంత్రానికి ఆయన భుజం తోలు లేచింది. బుధవారం పొద్దువాలే వేళకు ఆ రెండెకరాలూ ముగిశాయి. ఆయన కూలబడితే లింగమ్మే చెంబుతో నీళ్ళిచ్చింది. ఆ తర్వాత ఆయన చేనులో ఆ ఎద్దు పక్కన కాడి మోయడానికి ఊళ్ళో ఎవరూ, ఎవరి ఎద్దూ రాలేదు. గురువారం పడమటి గాలి తిరిగి పదును లాగేసింది. ఆరెకరాలూ బీడు పడ్డాయి. ఆఖరి వానలకు ఇన్ని ఉలవలు చల్లుకున్నాడు.

న్యాయం జరిగిందని ఊరు సంబరపడింది. ఏం న్యాయం? లింగమ్మ చేను మొలిచింది, మైలగాడి కాలు నయం కాలేదు. మూడు కాళ్ళ మీద కుంటుతాడు, ఇక కాడి మోయడు. వచ్చే ఏడు ఆమెకు జత కలిపే ఎద్దు ఏది? సంతకు తోలెయ్యమన్న వాళ్ళను ఆమె గడప తొక్కనివ్వదు.

పని ముగిశాక ఆమె నన్ను దస్తగిరి ముంగిట పడేసి పోయింది. మళ్ళీ పాత ఇనుము కుప్ప. ఉరుకుందప్ప టీ బంకులో ఇప్పుడు చెప్పే మాట వేరు: "ఆ ఇనుములోనే ఏదో దోషముండాది." జనం తలాడిస్తారు. ఒరే మనుషుల్లారా, పట్టుకోమని చేశారు, పట్టుకున్నాను. తెల్లవారి విప్పడానికి నాకు చేతులున్నాయా?

నిన్న మోటార్ సైకిల్ మీద పక్క ఊరి ఆసామి ఒకడు వచ్చాడు. పందులు చేను తొక్కుతున్నాయట.

"అన్నా, ఎద్దునే ఆపిన గూటముందంట గదా నీ కాడ. అది గావాల."

మైలగాడి కాలు, లింగమ్మ గోళ్ళు, మనిషి మోసిన కాడి, అంతా విన్నవాడే. అందులోంచి ఏరుకున్నది నా గట్టితనం ఒక్కటే. నన్ను వెతికి చేతిలోకి తీసుకుని, చెవులు విప్పి మూసి చూసుకుని మురిసిపోయాడు.

"ఈడ పెట్టు" అన్నాడు దస్తగిరి. "అమ్మేది కాదది."

"అట్లాంటిదే ఇంకోటి సెయ్యి."

"సెయ్యను."

"నువ్వు గాకపోతే ఇంకోడు. రోడ్డు మీద వెల్డింగ్ షాపు ల్యాదా?" నవ్వుతూ వెళ్ళి బండి ఎక్కాడు.

దస్తగిరి నన్ను దాగలి మీద పెట్టి, ఉలి ఆనించి, సమ్మెట ఎత్తాడు. రెండు దెబ్బలకు రెండు చెవులూ తెగి బూడిదలో పడ్డాయి. నేను ఉట్టి కడ్డీనైపోయాను.

బండి వెల్డింగ్ షాపు దారి పట్టింది.