దయానందం నడుం తగ్గిన వైనం

జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో దయానందం ఇంటికి ఆ వసంతకాలంలో ఒకే వారంలో రెండు కబుర్లు వచ్చాయి. మొదటిది ఆఫీసు నుంచి. అతను పనిచేసే కాంట్రాక్టు కంపెనీలో ప్రాజెక్టు ఆగిపోయింది, ఉద్యోగం ఆ నెలతో సరి. రెండోది డాక్టరు చెప్పింది. షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడిందట. బరువు తగ్గితే అట్నుంచి అటే వెళ్ళిపోతుంది, తగ్గకపోతే లోపలికొచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

దయానందం పాలకొల్లు మనిషి. కార్ల సాఫ్ట్‌వేరు రాయడంలో దిట్ట, భోజనంలో అంతకన్నా దిట్ట. పెళ్ళినాడు పాస్టరుగారు నూరేళ్ళు వర్ధిల్లమని దీవిస్తే, ఏళ్ళ సంగతి దేవుడికి వదిలేసి, నూరు కిలోలు మాత్రం నలభై దాటగానే పూర్తి చేశాడు.

రెండు కబుర్లూ విన్న భార్య మేరీ బెంగ పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే బాగుండేదని దయానందం తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"పర్మనెంట్ రెసిడెన్స్ ఉంది కాబట్టి వీసా గొడవ లేదు," అంది ఆమె టీ వడపోస్తూ. "వచ్చే నిరుద్యోగ భృతిలో ఇంటద్దె కట్టగా మిగిలిందాంట్లో ఇల్లు నడపాలి, అంతే కదా. ఖర్చూ తగ్గాలి, మీరూ తగ్గాలి. రెండిటికీ మందు ఒకటేనండి."

"చవకగా తింటే లావెక్కుతారు మేరీ. సన్నబడే తిండి అంతా ఖరీదు. అవకాడో రేటు చూశావా?"

"మీ అమ్మగారు మిమ్మల్ని అవకాడోలు పెట్టి పెంచారా?"

వాళ్ళమ్మ అతన్ని పెంచింది ముద్దపప్పూ, గోంగూరా, పొద్దున్నే చద్దన్నమూ పెట్టి. కాకపోతే అప్పట్లో అతను రోజంతా చెరువు గట్ల మీద సైకిలు తొక్కేవాడు. ఇక్కడ పార్కింగు నుంచి లిఫ్టు దాకా నడిచేవాడు.

మర్నాటి నుంచే ఇంట్లో పాలన మారింది. అన్నం వండినా, కొలత మాత్రం టీ కప్పు. ఇన్నాళ్ళూ దయానందం కంచంలో అన్నం కొండలా ఉండి, దాని నెత్తిన చిన్న గుంటలో పప్పు ఉండేది. ఇప్పుడు పప్పే కొండ, పక్కన కూర ఇంకో కొండ, మధ్యలో లోయలాగా అన్నం. టర్కీవాళ్ళ కొట్లో పెద్ద సంచీ కొంటే ఎర్ర మసూర్ పప్పు చవక. ఫ్రీజర్లో గడ్డకట్టిన పాలకూర చవక. క్యాబేజీ మరీ చవక. క్వార్క్ అనే గట్టి పెరుగులాంటి దాన్ని నీళ్ళుపోసి చిలికి, అల్లం, కరివేపాకు వేసి తాలింపు పెడితే మజ్జిగ అయ్యేది. పొద్దున ఓట్స్‌తో ఉప్మా. చిప్సు, బిస్కట్లు, ఆరెంజ్ జ్యూసు ఇంటి గడప తొక్కడం మానేశాయి.

నాలుగో తరగతి చదివే కూతురు లిండా మాత్రం ఈ విప్లవాన్ని స్వాగతించింది. డాడీ కంచంలోకి తొంగిచూడటం ఆ పిల్లకి వినోదమైపోయింది.

దయానందం వారం రోజులు ఓర్చుకున్నాడు. తర్వాత అతనికి ఫోన్లో ఒక యాప్ కనపడింది. ఊళ్ళో బేకరీలు సాయంత్రం మిగిలిపోయినవన్నీ ఒక సంచీలో వేసి చవగ్గా ఇచ్చేస్తాయి. పారేసే తిండిని కాపాడటం పుణ్యం, డబ్బు మిగలడం లాభం. ఇంత మంచి పనిని మేరీ ఎలా కాదంటుందని అనుకుంటూనే, ఎందుకైనా మంచిదని ఆమెకి చెప్పలేదు.

ఉద్యోగాల వేటలో భాగంగా లైబ్రరీకి వెళ్తున్నానని చెప్పి సాయంత్రాలు బయల్దేరేవాడు. బేకరీ సంచీలో బ్రెడ్డు తక్కువ, తీపి ఎక్కువ. జామ్ నింపిన ఉండలు, దాల్చినచెక్క చుట్టలు, బాదం పొరలు. పార్కులో బెంచీ మీద కూర్చుని, బాతులు చూస్తుండగా, పారేయవలసిన తిండిని ఒక్కొక్కటిగా కాపాడేవాడు. బాతులకి ఒక్క ముక్క కూడా వేసేవాడు కాదు.

నెలాఖరుకి తూకం చూస్తే ముల్లు ఉన్నచోటనే ఉంది. మేరీకి అర్థం కాలేదు.

"మీ ఒంట్లో ఏదో ఉందండి. థైరాయిడ్ టెస్టుకి డాక్టరు దగ్గర టెర్మిన్ తీసుకుందాం," అంది దిగులుగా.

నిజం చెప్పేద్దామా అని దయానందం అనుకునే లోపల లిండా దగ్గరికొచ్చి, తండ్రి మీసాన్ని వేలితో రాసి, ఆ వేలు నాలిక మీద పెట్టుకుంది.

"పూడర్‌త్సుకర్," అని తీర్పు చెప్పింది. కేకుల మీద చల్లే చక్కెర పొడి అది.

మేరీ కుర్చీ లాక్కుని కూర్చుంది. అరిచినా బాగుండేది.

"నేను మీకేదో జబ్బని భయపడి చస్తున్నాను," అంది. "రాత్రి పడుకుని ప్రార్థన కూడా చేశాను. దేవుడు వింటూ నవ్వుకుని ఉంటాడు."

"ఆకలేసింది మేరీ."

"ఆకలేస్తే అడగాలి. ఇంకో గరిటె పప్పు వేసేదాన్ని కదా. దానికి లైబ్రరీ అని అబద్ధం ఎందుకు?"

ఆ రాత్రి దయానందం పప్పు మూడు గరిటెలు వేయించుకుని తిన్నాడు. కడుపు నిండింది. ఇంత తేలికైన సంగతి అడగకపోవడం వల్ల తెలియలేదని అతనికి కొంచెం సిగ్గేసింది.

అప్పట్నుంచి సరుకులు తెచ్చే పని మేరీ అతనికే అప్పగించింది. అంతకుముందే కారు లీజు రద్దు చేసుకున్నారు కనుక వెళ్ళేది సైకిలు మీద. శనివారం సంత మూసే వేళకి వెళ్ళమంది. కూరగాయలు మళ్ళీ బండికెక్కించుకోవడం ఇష్టంలేక తగ్గించి ఇస్తారని ఎవరో చెప్పారట.

"ఇక్కడ బేరాలాడరు మేరీ. జర్మనీ ఇది."

"పాలకొల్లు సంతలో చేపలకి బేరమాడినవాళ్ళు మీరు. నోరు లేదా?"

మొదటి శనివారం అతను సంతలో ఒక కూరగాయల గుడారం ముందు చాలాసేపు దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. కూరగాయలమ్మే ఆవిడే చివరికి, ఏం కావాలని అడిగింది. దయానందం తనకొచ్చిన జర్మన్ అంతా కూడదీసుకుని, "మీరు ఇంటికి తీసుకెళ్ళడానికి ఇష్టపడనిది ఏదైనా ఉందా?" అన్నాడు.

ఆవిడ పకపకా నవ్వి, ఒక పెట్టె నిండా కోల్‌రాబి ఇచ్చేసింది. మన నూల్‌కోలే, కాకపోతే పిల్లల తలకాయంతేసి ఉన్నాయి. అడగడం కంటే మోసుకురావడం కష్టమైంది. పెట్టె వెనక కట్టుకుని, ఎత్తు వచ్చినచోట దిగి సైకిలు తోస్తూ, రొప్పుతూ ఇల్లు చేరాడు.

ఆ వారమంతా కోల్‌రాబి పులుసు, కోల్‌రాబి వేపుడు, దాని ఆకులతో పప్పు, తురుముతో పెరుగుపచ్చడి. గురువారానికి లిండా, "శోన్ వీడర్ కోల్‌రాబి?" అని తల పట్టుకుంది. మళ్ళీ అదేనా అని దానర్థం. అర్థం చెప్పక్కర్లేకుండానే ముగ్గురూ నవ్వారు.

కానీ దయానందానికి సంత రుచి తగిలింది. ప్రతి శనివారం అదే ప్రశ్న వేసేవాడు, ఆవిడ అదే నవ్వు నవ్వేది. ఒకసారి గుమ్మడి, ఒకసారి ముల్లంగి, ఒకసారి పేరు తెలియని ఆకులు. పగలు ఇంట్లోనే ఉంటున్నాడు కనుక వంట కూడా అతనే మొదలుపెట్టాడు. తను తరిగి, తను వండిన కూర ఎందుకో రెండింతలు తినబుద్ధేసేది. తిన్నా కూర వల్ల నష్టం లేదని మేరీ ఊరుకునేది. ఆదివారం తెలుగు చర్చి ఫెలోషిప్ విందులో బిర్యానీకి మాత్రం ఒక గరిటె అనుమతి. ఆ ఒక్క గరిటెనీ అతను కళ్ళు మూసుకుని తినేవాడు. చూసినవాళ్ళు ప్రార్థన చేసుకుంటున్నాడనుకునేవారు.

వేసవి గడిచేసరికి తూకం ముల్లు రెండంకెల్లోకి దిగి, అక్కణ్ణించి జారుతూనే వచ్చింది. షుగరు గుమ్మంలోంచి వెళ్ళిపోయిందని డాక్టరు చెప్పింది. ఉద్యోగం మాత్రం రాలేదు.

చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఊరికి దగ్గర్లోనే ఒక చిన్న కంపెనీ, రేపు పొద్దున్నే ఇంటర్వ్యూకి రాగలరా అని. దయానందం బీరువాలోంచి సూటు తీశాడు. ప్యాంటులో అతనితో పాటు లిండా కూడా పట్టేలా ఉంది. బాగుచేయడానికి వ్యవధి లేదు. మేకుతో కొత్త చిల్లు పొడిచిన బెల్టు పొద్దున బిగించగానే ఆ చిల్లు దగ్గరే పుటుక్కున తెగింది. మేరీ వెనకవైపు మడతపెట్టి సేఫ్టీ పిన్ను గుచ్చి, పైన కోటు సర్ది పంపింది.

"చేతులు ఎక్కువ ఊపకండి," అంది.

ఇంటర్వ్యూలో ఇద్దరున్నారు. హెచ్ఆర్ ఆవిడ ఒకరు, డిపార్టుమెంటు పెద్ద ల్యూడర్స్ ఒకరు. ల్యూడర్స్ కుర్చీకి నిండుగా ఉన్న మనిషి. మాటలు బాగానే సాగాయి. తర్వాత బోర్డు మీద బ్రేకు సిస్టం గీసి చూపించమన్నారు. దయానందం చెయ్యి పైకెత్తి గీత గీయగానే వెనకాల పిన్ను విడిపోయింది. ఎడంచేత్తో ప్యాంటు పట్టుకున్నాడు. కుడిచేత్తో గీస్తూనే ఉన్నాడు. బోర్డు తుడవాల్సి వచ్చినప్పుడు మార్కరు నోట్లో పెట్టుకుని తుడిచాడు.

హెచ్ఆర్ ఆవిడ ఆందోళనగా, "మీకు కడుపునొప్పా? కాసేపు ఆపుదామా?" అంది.

అబద్ధం చెప్పే ఓపిక దయానందానికి మిగల్లేదు.

"నొప్పేం లేదండీ. ప్యాంటు జారిపోతోంది. ఈ ఏడాది చాలా తగ్గాను, ప్యాంటు ఇంకా తగ్గలేదు."

ల్యూడర్స్ పెన్ను కింద పెట్టాడు. ముందుకు వంగాడు.

"చాలా అంటే, ఎంత?"

దయానందం చెప్పాడు. ల్యూడర్స్ హెచ్ఆర్ ఆవిడ వైపు చూసి, మళ్ళీ ఇటు చూసి, "ఏం తిన్నారు?" అన్నాడు.

ఇల్లు చేరేసరికి మేరీ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఏం అడిగారు?"

"కాసేపు బ్రేకుల గురించి. తర్వాత అంతా పప్పెలా వండాలో అడిగారు."

మేరీ అక్కడే చెప్పుల స్టాండు మీద కూలబడింది. జరిగినదంతా విన్నాక నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. "పోన్లెండి, ఇంకోటి వస్తుంది," అని సర్దిచెప్పింది.

ఇంకోటి రానక్కర్లేకపోయింది. ఆ మరుసటి వారం ల్యూడర్సే ఫోన్ చేశాడు. బ్రేకు సిస్టం తప్పుల్లేకుండా గీసింది మీరొక్కరే, అదీ ఒంటిచేత్తో, అన్నాడు. మొదటి తారీకున చేరమన్నాడు.

చేరే ముందు రోజు మేరీ సూటు ప్యాంటు విప్పి, నడుం దగ్గర లోపలికి కుట్టి ఇచ్చింది. దయానందం తొడుక్కుని చూసుకున్నాడు. అతికినట్టుంది. లోపలివైపు తడిమితే బారెడు గుడ్డ మడతలో అలాగే ఉంది.

"ఇదంతా కత్తిరించలేదేం? మళ్ళీ లావవుతాననా?"

"అబ్బే, లేదండి," అంది మేరీ దారం కొరుకుతూ. "అక్కడ క్యాంటీను బావుంటుందని ఎవరో చెప్తే విన్నాను."