వంటింటికి వేసిన వైరు

"వైరంటే వైరే కద బిడ్డా, దాంట్ల మంచిది వేరే, కరాబుది వేరే ఉంటదా?" అన్నాడు మామ రామేశ్వర్, చేవెళ్లలోని తన హార్డ్‌వేర్ దుకాణంలో అమ్ముడుపోని వైరు చుట్టలు కారులోంచి దించుతూ. దుకాణంలో ఎవరూ కొనని సరుకు ఇంట్లో వాడుకోవడం ఆ కుటుంబంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. స్వప్నిక కాపురానికి వచ్చినప్పటి నుంచి రంగు వెలిసిన బకెట్టూ, సగం దాకానే పడే గొళ్లెమూ, ఎంత తిప్పినా కారే నల్లా అన్నీ అలా ఆమె చేతికొచ్చినవే. కోడలు సర్దుకుంటుంది లెమ్మని అందరికీ ధీమా.

మొయినాబాద్‌లో కడుతున్న కొత్త ఇంటికి ఆమె భర్త గిరీష్ ముచ్చటపడి ఆడియో సిస్టం కొన్నాడు. హాల్లో పెద్ద స్పీకర్లు, అత్తగారు కృష్ణవేణి శుక్రవారం భజనలకు ఒక మైకు, వంటింటి సీలింగులో ఇంకో స్పీకరు. "నీకోసమే. పనిజేస్కుంట పాటలు వినొచ్చు. నువ్వు ఈసీఈ చదివినవ్ గద, వైర్లు, పిన్నులు ఏవేవి గావాల్నో నువ్వే జూడు" అన్నాడు. ఆ చదువు సంగతి ఆ ఇంట్లో ఎవరికైనా గుర్తుందని స్వప్నికకు అప్పుడే తెలిసింది. ఇంటి పక్క కాలేజీలో ల్యాబు ఉద్యోగం ఉందని అడిగినప్పుడు "ఇల్లు కానియ్, తర్వాత జూద్దాం" అన్న మనిషే ఇతను. అయినా పిచ్చి మనసు పొంగిపోయింది.

చేవెళ్ల పాత ఇంట్లో వంటిల్లు వెనకాల ఉండేది. కుక్కరు, మిక్సీ, గోడకున్న పాత ఫ్యాను కలిసి చేసే రొదలో ముందు గదిలోంచి వచ్చే పిలుపులు సగం కలిసిపోయేవి. మొదటి కేక నిజంగానే వినపడేది కాదు. రెండోది వినపడినా స్వప్నిక కదిలేది కాదు. ఆ కాసేపు కిటికీ దగ్గర నిలబడి ఏదో ఆలోచించేది, లేదంటే ఏమీ ఆలోచించకుండా ఊరికే నిలబడేది. తర్వాత వెళ్లి "వినపడలే అత్తమ్మా" అనేది. "దీని చెవులకేమొచ్చెరా, దవాఖానకన్న తోల్కపో" అని కృష్ణవేణి కొడుకుతో మొరపెట్టుకునేది. ఎన్ని మాటలు పడినా ఆ కాసేపటిని మాత్రం స్వప్నిక వదులుకోలేదు. రోజు మొత్తంలో ఆమె తనకోసం బతికేది అప్పుడే. కొత్త వంటింట్లో పెద్ద చిమ్నీ పెడుతున్నారంటే, దాని హోరులో ఇంకాస్త ఎక్కువసేపు నిలబడొచ్చని లోలోపల సంబరపడింది కూడా.

మామ తెచ్చిన వైరును కత్తితో గీకి చూపించింది. పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం. "దూరం పోవాలె మామయ్యా, గిది ఏస్తే ఆవాజ్ సగం తొవ్వలనే పోతది. మైకుదైతే కరెంటు పైపు పక్కకెల్లి పోతది. లోపల సన్న రాగితీగల జాలీ చుట్టిన వైరు ఏయకుంటే గుంయ్యని మోగుడే, మాట తెల్వది" అంది. ఎదురు చెప్పడం అదే మొదలు. రామేశ్వర్ చుట్టలు మళ్లీ కారులో పెట్టుకున్నాడు. అన్నిటికన్నా దూరం వంటింటికే కాబట్టి దానికే లావు రాగి వైరు ఏరింది. మేస్త్రీలకు వండిపెట్టి, ఆ గిన్నెలు కడిగి, వచ్చి నేలమీద కూర్చుని ప్రతి పిన్నూ తన చేత్తోనే బిగించింది. "అంత నేనే దగ్గరుండి చేపిచ్చిన" అని గిరీష్ ఫోన్లో ఎవరితోనో చెప్పుకుంటుంటే నవ్వొచ్చింది గానీ, పెద్దగా బాధనిపించలేదు. చేసిందెవరో తన వేళ్లకు తెలుసు.

గృహప్రవేశం అయింది, చుట్టాలు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున స్వప్నిక కుక్కరు పెట్టి, చిమ్నీ వేసి, కిటికీ దగ్గరికి నడిచింది. బయట జొన్నచేనులో ఎవరో ఆడమనిషి నడుము నిటారు చేసుకుంటోంది.

"స్వప్నికా! చాయ్."

నెత్తిమీది స్పీకర్లోంచి వచ్చింది అత్తగారి గొంతు. ఉలిక్కిపడి పైకి చూసింది. చిమ్నీ తిరుగుతూనే ఉంది, కుక్కరు కూత పెడుతూనే ఉంది, అయినా ఒక్క అక్షరం పోలేదు. హాల్లో మైకు ముందు ఆవిడ ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తోంది.

"సూసినవా అమ్మా, ఎంత క్లియర్ ఉన్నదో! ఇగ వినపడలేదన్న ముచ్చటే లేదు" అని గిరీష్ నవ్వు.

"గందుకే గదరా నీకు జెప్పి పెట్టిచ్చిన."

స్వప్నిక గట్టు పట్టుకుని నిలబడిపోయింది. మామ తెచ్చిన వైరే వేసుంటే గుంయ్యని మోగేది తప్ప ఒక్క మాట ఇటు వచ్చేది కాదు. ఆ ఇంట్లో ఆమె నోరు తెరిచి గెలిచింది ఆ ఒక్కసారే, అదీ దీనికోసం గెలిచింది. స్టూలెక్కి పిన్ను ఊడదీయడం చిటికెలో పని. కానీ స్పీకరు పలకడం లేదంటే చూడమని పిలిచేదీ ఆమెనే. ఆ ఇంట్లో ఆ పని వచ్చింది ఆమె ఒక్కదానికే.

"ఇంటున్నవా? జల్ది తే" అంది పైనుంచి గొంతు.

"తేను" అంది స్వప్నిక, పెళ్లయ్యాక మొదటిసారి, గట్టిగానే.

వంటింట్లోంచి హాల్లోకి ఏ వైరూ వెయ్యలేదు.