బండి మెదడుకు బొట్టు

బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, అది తిరిగి తగలకుండా పాత బనియన్ గుడ్డ చుట్టి, గంగాధరప్ప జీపు బంపరు మీద కూర్చున్నాడు. తీగ తీసిన వెంటనే ఇంజన్ కంప్యూటరు మీద చెయ్యి వేయకూడదు. లోపల మిగిలిన కరెంటు దిగిపోవాలి. అంతసేపు కాచుకోవడం అతనికి కష్టం కాదు. భార్య మారెక్క పోయినప్పటి నుంచి కాచుకునే ఉన్నాడు.

పొద్దున టార్పాలిన్ లాగేసరికి వెనక సీట్లోంచి కోళ్లు రెక్కలు కొట్టుకుంటూ దూకాయి. పక్కింటి తిమ్మమ్మ చీపురుతోనే వచ్చింది.

"ఏమప్పా గంగాధరా, నా కోళ్ల మిద్దె పీకేస్తాండావే! అవి గుడ్లు యాడ పెట్టల్ల?"

"నీ వంటింట్లో పెట్టుకోమను."

"బండి బాగైతాదా?"

"అయితాది."

"మంచిదేలే. మారెక్క ఉంటే..." అని ఆగిపోయింది. సీట్లో ఉన్న గుడ్డు తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లింది. ఆ మాట అక్కడితో ఆపినందుకు గంగాధరప్ప ఆమెకు లోపలే దండం పెట్టుకున్నాడు.

గంగాధరప్పది గుర్తుండిపోయే ముఖం కాదు. ఎండకు మాగిన నలుపు, నెరిసిన మీసం, స్టీరింగు పట్టి కాయలు కాచిన అరచేతులు. కిటికీ వైపుండే కుడి మోచేయి ఎడమ మోచేయి కన్నా నల్లగా ఉంటుంది. బెళుగుప్ప చుట్టుపక్కల చెనిక్కాయలు పీకే ఆడవాళ్లను తెల్లవారకముందే వేరుశనగ చేలకు చేర్చడం, సాయంత్రం గడ్డి మోపులతో సహా వెనక్కు తేవడం, పెళ్లిళ్లకు జనాన్ని, ఆసుపత్రి నుంచి శవాలను మోయడం అతని పని. అతని పేరుతో ఎవరికీ అవసరం పడలేదు. దూరాన దుమ్ము లేస్తే "జీపు వస్తాంది" అనేవాళ్లు.

ఆ జీపే, మారెక్క ఛాతీ పట్టుకుని వెనక సీట్లో పడుకుని ఉండగా, అనంతపురం దారిలో గాలిమరల దిబ్బ దగ్గర ఆగిపోయింది. ఫోనులో సిగ్నల్ లేదు. చుట్టూ ఎండిన చేలు. నెత్తిమీద గాలిమర రెక్కలు మాత్రం తాపీగా తిరుగుతూనే ఉన్నాయి. చివరికి ఉల్లిగడ్డల లారీ ఒకటి ఆపి వాళ్లను ఎక్కించుకుంది. ఆసుపత్రిలో నర్సు కృపాకుమారి గుడ్డ కప్పుతూ, "ముందు తెచ్చినా ఇంతేనన్నా" అంది. ఊరడించడానికి చెప్పే అబద్ధమని అతను అనుకున్నాడు.

జీపును ట్రాక్టరుతో లాక్కొచ్చాక, కంప్యూటరు పోయిందని చూసినవాళ్లు తేల్చారు. అంతకు కొన్నాళ్ల ముందే మెకానిక్ కుళ్ళాయప్ప లైట్ల వైరింగు బాగుచేశాడు. గంగాధరప్ప టీ తాగి వచ్చేసరికి బానెట్ మూసేసి ఉంది. మంచి కంప్యూటరు పెట్టె తీసి అమ్ముకుని, చచ్చుది బిగించే మెకానిక్‌లు ఉంటారని టీ అంగడిలో ఎవరో అన్నారు. ఆ మాట చాలింది.

బానెట్ ఎత్తి చూస్తే నిజం తేలిపోయేది. ఎందుకంటే అతని పెట్టెకు గుర్తుంది. ఏటా ఆయుధపూజకు మారెక్క జీపులో చెయ్యి దూరిన చోటల్లా పసుపు పూసి బొట్టు పెట్టేది. ఒక ఏడాది బ్యాటరీ పక్కనున్న పెట్టెను చూసి, "ఇదేంది?" అని అడిగింది. "బండికి మెదడు" అన్నాడు. "అయితే ముందు దానికే పెట్టల్ల" అని నవ్వి, వేలెడు మందాన పసుపు మెత్తి పెద్ద బొట్టు పెట్టింది. టెంకాయ కొట్టి, చిప్పలోని నీళ్లు ఇంజన్ మీద చల్లింది.

గుర్తు ఉందో లేదో అతను ఒక్కసారీ చూడలేదు. చూడకుండానే కుళ్ళాయప్ప దొంగ అయిపోయాడు. ఒంటరి ఇంట్లో గంగాధరప్పకు అన్నం సయించింది ఆ కోపం వల్లే. ఎదురైనప్పుడల్లా కుళ్ళాయప్పను నవ్వుతూ పలకరించాడు. పగ బయటికి కనపడితే పలచనైపోతుందని అతని భయం.

నాలుగు రోజుల కింద కుళ్ళాయప్పే వచ్చాడు. చొక్కా లోపల మనిషి ఉన్నాడా అన్నట్టు చిక్కిపోయాడు. గుడ్డ సంచిలోంచి ఒక పెట్టె, తీగలు తగిలించిన చిన్న టెస్టరు బల్బు తీసి అరుగు మీద పెట్టాడు.

"గుజరీలో, పాత సామాన్ల అంగట్లో దొరికిందప్పా. నంబరు నీ బండిదే. పాత బండి గదా, తాళానికీ దీనికీ లంకె ల్యా. అది తీసి ఇది పెట్టుకుంటే సాలు. నా చేతులు వణుకుతాండాయి, నువ్వే బిగించుకో." దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. "అనంతపురంలో నా బిడ్డ సుజాత ఆస్పత్రిలో చేరుస్తానంటాంది. బస్సులో నిలబడల్యాను. నీ బండిలో పోదామా?"

"పోదాంలే కుళ్ళాయన్నా" అన్నాడు గంగాధరప్ప.

నా పెట్టె నాకే తెచ్చి ఇస్తున్నాడు, అనుకున్నాడు. ఏం చేయాలో అప్పుడే తేలిపోయింది. గాలిమరల దిబ్బ దగ్గర ఇంజన్ ఆపాలి. మెకానిక్‌ను తెస్తానని చెప్పి, తాళంచెవి జేబులో వేసుకుని నడిచి పోవాలి. ఎండలో, ఆ రెక్కల కింద, ఊపిరి అందక కాచుకోవడం ఎట్లా ఉంటుందో వాడికి తెలియాలి.

ఇప్పుడు బంపరు మీద నుంచి లేచి, ముందు కుళ్ళాయప్ప తెచ్చిన పెట్టెను తిప్పి తిప్పి చూశాడు. బొట్టు లేదు. తుడిచేసి ఉంటాడు. గోరుతో గీరాడు. పసుపు చార కూడా లేదు.

జీపులోని పెట్టె బోల్టులు విప్పి, తీగల కట్టకున్న లాకు ఎత్తి, పెట్టెను బయటికి లాగాడు. దుమ్ము మందంగా పేరుకుంది. బనియన్ గుడ్డతో ఒక్కసారి తుడిచాడు.

పసుపు ఎండి పగుళ్లిచ్చింది. మధ్యలో కుంకుమ నల్లబడింది. దాని మీద మారెక్క వేలిముద్ర గీతలు ఇంకా ఉన్నాయి.

కింది వైపు తిప్పాడు. తీగలు దిగే చోట పిన్నులన్నీ పచ్చటి తుప్పు. తుప్పులో కరుచుకుని ఒక టెంకాయ పీచు. చిప్పలోంచి చల్లిన నీళ్లు ఏడాదికేడాది తీగల వెంట జారి లోపలికి దిగాయి.

అతనికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నాళ్లు ఆనుకుని నిలబడిన గోడను ఎవరో రాత్రికి రాత్రి పడగొట్టినట్టు, మండిపోయే కోపం. ఎవరి మీద చూపించాలి? ఆ బొట్టు మీదనా? పాత పెట్టెను గూట్లో పెట్టాడు. చేతులు వాటి పని అవి చేశాయి. కొత్త పెట్టె బిగించి, బ్యాటరీ తీగ తగిలించాడు. కరెంటు అందుతోందో చూడ్డానికి టెస్టరు క్లిప్పు బ్యాటరీకి పట్టించి, దాని ముల్లును బాడీ సందులో గుచ్చాడు. బల్బు వెలిగింది. తాళం తిప్పితే ఇంజన్ దగ్గి, నల్లగా పొగ వదిలి, అందుకుంది. బానెట్ దభాలున మూశాడు.

దొంగతనం లేదని తెలిసింది. అయినా కుళ్ళాయప్పను ఎక్కించుకుని అనంతపురం దారి పట్టాక, దిబ్బ కనపడగానే కాలు బ్రేకు మీదికి పోయింది. ఎవరో ఒకరు అనుభవించాలి కదా! జీపు ఆపి, తాళం తీసి పిడికిట్లో పెట్టుకున్నాడు.

ముందు సీట్లో కుళ్ళాయప్ప కళ్లు తెరిచాడు. పైన తిరుగుతున్న రెక్కల వైపు చూశాడు.

"ఈడనే గదా?"

గంగాధరప్ప తన వైపు తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

"నన్ను ఈడ ఇడిచి పోతావని నీ నవ్వులోనే తెలిసిపోయిందప్పా. తెలిసే ఎక్కినా." ఊపిరి కోసం ఆగాడు. "పాత పెట్టె చూసినావా?"

"చూసినా."

"బొట్టు ఉండాదా?"

గంగాధరప్ప చప్పున తల తిప్పాడు.

"లైట్లు చేసే పొద్దే నేను చూసినా. టెంకాయ నీళ్లు దిగతాండాయి, ఊడదీసి తుడవల్ల అనుకున్నా. పూజ చేసిన బొట్టు. చెరపబుద్ధి కాల్యా. మూసేసినా." మళ్లీ దగ్గాడు. "ఊర్లో నన్ను దొంగన్నారు. అనుకోనీలే అనుకున్నా. నీ పెండ్లాం చేతి నీళ్లే బండిని ఆపినాయని నీకు యాడ చెప్పేదప్పా?"

గాలిమర నీడ రోడ్డు మీద పడుతూ లేస్తూ ఉంది. దాని రెక్క ఒక్కొక్కటీ జీపును కోసుకుంటూ పోయింది. గంగాధరప్ప పిడికిలి బిగించి అట్లాగే కూర్చున్నాడు. తెరిచేసరికి తాళంచెవి పళ్లు అరచేతిలో దిగి ఉన్నాయి.

"నీళ్లు తాగుతావా అన్నా?" అన్నాడు చివరికి.

కుళ్ళాయప్ప రెండు గుక్కలు తాగాడు. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ శబ్దానికి అతను చెవి ఒగ్గి, "బాగుండాది" అన్నాడు. తల కిటికీకి ఆనించుకున్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర కాచుకుని ఉన్న సుజాత తలుపు తీసి, "నాయనా, దిగు" అంది. రెండోసారి భుజం పట్టి పిలిచింది. మూడోసారి పిలవలేదు.

లోపల నర్సు కృపాకుమారి నాడి చూసి చేయి వదిలింది. గంగాధరప్ప ఆమెకు గుర్తులేడు. "ముందు తెచ్చినా ఇంతేనన్నా" అంది.

అప్పుడు నమ్మని మాట. ఇప్పుడు నమ్మాలంటే అప్పటిదీ నమ్మాలి. గోడకు ఆనుకుని, "అంతేనంటావా అమ్మా?" అని అడిగాడు. ఆమె అప్పటికే వేరే మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

శవాన్ని జీపులోనే ఊరికి తెచ్చాడు. దారిలో ఎక్కడా ఆపలేదు. వాళ్ల ఇంట్లో దింపి, పొద్దు గుంకే వేళకు తన ఇంటి పందిరి కిందికి వచ్చాడు. బ్యాటరీ తీగ విప్పుదామని బానెట్ ఎత్తాడు.

క్లిప్పు పట్టించిన చోటే, ముల్లు గుచ్చిన చోటే, కుళ్ళాయప్ప బల్బు ఇంకా వెలుగుతూ ఉంది.