కెమెరా ఆగేలోపు

యుగాంతం వస్తోందని శేషగిరిని మెల్‌బోర్న్ పిలిపించుకున్నారు. రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నిటికీ తిక్క పుడుతుందనీ, బ్యాంకులు మూతపడతాయనీ చెప్పి, రాత్రనకా పగలనకా అతని చేత పాత ప్రోగ్రాములు దిద్దించారు. జనవరి ఒకటిన ఏమీ కాలేదు. మార్చిలో అతని ఉద్యోగం పోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం. ఇక్కడ ఎలుక కూడా దొరకలేదు, తవ్వినవాణ్ణి మాత్రం పొమ్మన్నారు.

అందుకే శవం వేషానికి ఒప్పుకున్నాడు. ఇక్కడి డాలరు చవకని ఎవరో అమెరికావాళ్లు టీవీ సీరియల్ తీయడానికి వచ్చి, ఊరి శివార్లలో వెర్రిబీ దగ్గర ఒక ఖాళీ గోడౌన్‌లో అమెరికా ఊరు కట్టారు. కథలో ఒక ముసలి పోలీసు ఉన్నాడు. అతని స్నేహితుణ్ణి, కొట్టు నడుపుకునే ఒక ఇండియన్‌ని, ఎవరో చంపేస్తారు. ఆ చచ్చినవాడు మన శేషగిరి.

ఈ వేషం అతని భార్య శ్యామసుందరికి ససేమిరా ఇష్టం లేదు. ఆమె తండ్రి గోపాలరావు తెలుగు సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసినవాడు. అక్కడ శవంగా పడుకున్నవాడు షాటు కాగానే, కెమెరా ఆగేలోపు దాని వంక చూసి నవ్వాలి. నవ్వకపోతే ఆ చావు నిజంగానే వెంటపడుతుందని నమ్మకం. ఒకసారి హడావిడిలో ఆయన నవ్వడం మరిచిపోయాడు. వారం తిరక్కుండా పోయాడు.

"నవ్వుతానని నామీద ఒట్టేసి వెళ్లండి," అంది భర్తతో. "ఆ డైరెక్టర్ ఏమనుకున్నా ఐ డోంట్ కేర్. కెమెరా ఆగిపోయాక నవ్వితే లాభం లేదండోయ్, ముందే చెప్తున్నా."

ఒట్టు వేసి బయల్దేరాడు.

ముసలి పోలీసు వేషం వెర్నన్ అనే అమెరికా నటుడిది. నలభై ఏళ్లుగా అదే పని. మొహం చూస్తే అందరూ పోల్చుకుంటారు, పేరు అడిగితే తెల్లమొహం వేస్తారు. హీరోకి తలుపు తీసేవాడు, హీరోకి బదులు తూటా తినేవాడు, బారులో గ్లాసులు తుడిచేవాడు, అన్నీ అతనే.

"సార్, మిమ్మల్ని విజయవాడలో మార్నింగ్ షోలో చూశాను," అన్నాడు శేషగిరి మేకప్ గదిలో. "బ్యాంకు వాచ్‌మన్ వేశారు. మిమ్మల్ని చంపేశాక నాకా సినిమా చూడబుద్ధి కాలేదు."

ముసలాయన కళ్లు తడిశాయి. ఆ రోజు తీయబోయే సీను రచయితను బతిమాలి రాయించుకున్నానని చెప్పాడు. శవం పక్కన కూర్చుని స్నేహితుడికి వీడ్కోలు చెప్పే సీను. "ఇన్నేళ్లలో నాకు ఇంత పెద్ద డైలాగు ఎవరూ ఇవ్వలేదు. ఇదొక్కటి మిగిలితే చాలు. నువ్వు కదలకుండా పడుకో, మిగతాది నేను చూసుకుంటా."

హీరోకి సాయంత్రం విమానం ఉంది కాబట్టి దీనికి ఒకే టేకని డైరెక్టరు ముందే చెప్పేశాడు.

శేషగిరి కళ్లు మూసుకున్నాడు. వెర్నన్ అతని భుజం మీద చెయ్యివేసి మొదలుపెట్టాడు. ఇద్దరూ కలిసి చేపలు పట్టిన సంగతులు, తీర్చుకోని చిన్న తగాదా ఒకటి. గొంతు పెంచలేదు. వింటున్న శేషగిరికి మామగారు గుర్తొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది. అంతలో మాటలు ఆగిపోయాయి. భుజం మీది చెయ్యి తొలగింది. ఎవరో ముక్కు ఎగబీల్చారు. డైరెక్టరు మెల్లగా "బ్యూటిఫుల్" అన్నాడు.

అయిపోయిందనుకున్నాడు శేషగిరి. ఎక్కడ కెమెరా ఆపేస్తారోనని గభాలున కళ్లు తెరిచి, లెన్సులోకి చూసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

అయిపోలేదు. అసలు మాట ఇంకా మిగిలే ఉంది. దానికోసమే వెర్నన్ ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఇంకొక్కసారి తీద్దాం," అని ముసలాయన బతిమాలాడు. డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. "అక్కర్లేదు. నర్సు వచ్చి దుప్పటి కప్పేస్తుంది, అంతే. ఎలాగూ ఎపిసోడ్ పొడుగైంది," అని హీరోని పిలవమన్నాడు. లైట్లు అటు తిప్పేశారు. శేషగిరిని తిట్టినవాడు కూడా లేడు. తిట్టేంత విలువ ఆ సీనుకి వాళ్ల దృష్టిలో ఎప్పుడూ లేదు. ముసలాయనకి తప్ప అది ఎవరికీ పట్టలేదు.

బయట మెట్లమీద కూర్చుని ఉన్నాడు వెర్నన్. "ఎందుకు నవ్వావు?" అని అడిగాడు.

మామగారి చావుతో సహా శేషగిరి అంతా చెప్పాడు.

"మీవాళ్లు నయం," అన్నాడు వెర్నన్ చివరికి. "తెరమీద ఎన్నిసార్లు చచ్చానో నాకే గుర్తులేదు. లేచి ఒకసారి నవ్వవయ్యా అని నాతో అన్నవాడు లేడు." మొహానికున్న రంగైనా తుడుచుకోకుండా వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి శ్యామసుందరి గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నవ్వారా?"

"నవ్వాను."

"కెమెరా ఆగేలోపేనా?"

"ఆగేలోపే."

"హమ్మయ్య," అంది ఆమె. "అయితే ఎవరికీ ఏమీ కాదు."

శేషగిరి తలవంచుకుని నిలబడి దిష్టి తీయించుకున్నాడు.